గోదారి లంకల్లో ఆ ఎండాకాలం

పోయిన నెల, మా పై వాటాలో అద్దెకుంటున్న కొత్త జంట అండమాన్ దీవులు తిరిగి వచ్చారు. ఆ సాయంత్రమే ఆ పిల్ల కిందికి దిగి వచ్చి, నా పక్కన కూర్చుని ఫోన్లో ఫోటోలన్నీ చూపించింది. అద్దంలాంటి నీళ్లు, తెల్లటి పడవ, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నవ్వుతున్న ఆ ఇద్దరూ. చూపించడం అయిపోయాక, మర్యాదకే అడిగిందో ఏమో, "ఆంటీ, మీరిద్దరు గిట్ల ఎన్నడన్న ఎటన్న పోయిన్రా?" అంది. పోయినం బిడ్డా, మేము కూడా పడవ మీదనే పోయినం అన్నాను. తల ఊపింది గానీ నమ్మలేదని కళ్లే చెప్పాయి. ఆ పిల్లను తప్పుపట్టి ఏం లాభం? గడప దగ్గర పేపరుతో మా ఆయన, చాటలో పుంటికూర తుంపుకుంటూ నేను, మమ్మల్ని చూస్తే ఎవరికి మాత్రం పడవ తలపుకొస్తుంది? ఆ పిల్ల మెట్లెక్కి వెళ్లిపోయింది, నాకు మాత్రం ఆ రాత్రి అన్నం వడ్డిస్తున్నంతసేపూ చెవుల్లో గోదారి చప్పుడే.

ఆ పడవ ఎక్కేనాటికి మా పెళ్లయి కొన్నేళ్లయింది గానీ, మేమిద్దరం కాపురం చేశామని చెప్పుకోవడానికి లేదు. నేను నెల్లికుదురు పక్క ఒక పల్లె దవాఖానలో నర్సును. ఆయన భూపాలపల్లి దిక్కు బొగ్గు బావిలో పని. వారానికి ఒక్క సెలవు దొరికితే, అందులో సగం పరకాల మీదుగా, వరంగల్ మీదుగా బస్సులు మారడానికే సరిపోయేది. వచ్చేవాడు, తలంటుకునేవాడు, నాలుగు ముద్దలు తిని నిద్రపోయేవాడు, లేచి మళ్లీ బస్సెక్కేవాడు. ఆయనకు ఏ కూర ఇష్టమో తెలుసు, ఏ పక్కకు తిరిగి పడుకుంటాడో తెలుసు, అంతకు మించి ఆ మనిషి నాకు ఒక చుట్టంలాగే ఉండేవాడు. మా అత్తమ్మ ఎప్పుడు కనపడినా ఒక్కటే మాట, "మొగడొక తాన, పెండ్లమొక తాన, గిదేం సంసారమే? నౌకరి ఇడిచిపెట్టి వాని తానకే పోరాదా" అని. నేను అవుననలేదు, కాదనలేదు. ఆ ఎండాకాలం దాటాక రాజీనామా ఇచ్చేద్దామని మాత్రం లోపల దాదాపు నిశ్చయించుకున్నాను.

అటువంటి రోజుల్లో ఆయన వారం మధ్యలో, చెప్పాపెట్టకుండా, చేతి సంచితో దిగాడు. సెలవు పెట్టానన్నాడు. రెండో రోజూ వెళ్లలేదు, మూడో రోజూ వెళ్లలేదు. తరువాత, నేను చాయ్ పోస్తుంటే, ముఖం పక్కకు తిప్పుకుని ఒక మాటన్నాడు. వాళ్ల క్వార్టర్ల వరుసలో కోటిపల్లి వైపు మనిషి ఒకడున్నాడట, వాళ్ల బాబాయికి పడవ ఉందట, గోదారి లంకల మధ్య కొబ్బరికాయలు, సామాన్లు మోస్తుందట, మనం కూడా ఎక్కి కొన్నాళ్లు తిరగొచ్చునట, పోదామా అని. సమ్మక్క జాతరకు రమ్మన్నా గుంపులో నాకెందుకని తప్పుకునే మనిషి, సముద్రం దాకా పడవ మీద పోదామంటున్నాడు. ఎందుకని అడిగితే, "ఊకెనే. నీళ్లు చూద్దామని" అన్నాడు. మా దిక్కు ఎండాకాలంలో నీళ్లు చూడాలంటే బావిలోకి వంగి చూడాలి కాబట్టి, ఆ మాటను నేను కాదనలేకపోయాను. కానీ ఈయనకేమైంది అన్న ప్రశ్న మాత్రం, మానుకోట స్టేషన్లో రైలెక్కింది మొదలు నాతోపాటే కిటికీ పక్కన కూర్చుంది.

కోటిపల్లి రేవులో మమ్మల్ని ఎక్కించుకున్న పడవ పెద్దదే, పాతది. తారు పూసి పూసి నల్లబడిన చెక్కలు, వెనుక తాటాకు గూడు, గూడు పక్కన మట్టి పొయ్యి. పడవ ఆయన అరవై దాటిన మనిషి, ఆయనను పెదనాన్న అనీ ఆయన భార్యను పెద్దమ్మ అనీ పిలిచాం. వాళ్లిద్దరూ ఎక్కువ కాలం ఆ పడవ మీదే బతికారట, ఒడ్డున ఇల్లుందిగానీ అక్కడ నిద్ర పట్టదని పెద్దమ్మ చెప్పింది. ఒకే పడవలో ఇన్నేళ్లు ఒకరి ముందు ఒకరు ఎలా కూర్చున్నారా అని నాకు వింతగా తోచింది. మేమిద్దరం అప్పటిదాకా ఒక పూట పూర్తిగా ఎదురెదురుగా కూర్చుని ఎరుగం.

మొదటి రోజంతా నాకు కళ్లు చాలలేదు. అన్నిటికంటే పెద్ద వింత ఏమిటంటే, మధ్యాహ్నం దాకా సముద్రం వైపు పోతున్న నది కాసేపు ఆగి, ఆలోచించుకుని, వెనక్కి పారడం మొదలుపెట్టింది. నీళ్లు ఎత్తుకు పారడమేమిటని నేను లేచి నిలబడ్డాను. పోటంటే అదేనమ్మా, సముద్రం లోపలికొస్తుంది, మళ్లీ పాటుకి వెళ్లిపోతుంది, రోజూ వచ్చీపోయే కోడలిలాగా అని పెద్దమ్మ నవ్వింది. అక్కడినుంచి మడ అడవులు వచ్చాయి. ఆ చెట్ల వేళ్లు భూమిలోకి పోవడం మాని, బురదలోంచి ముళ్లలాగా పైకి పొడుచుకొచ్చాయి. ఆ బురదలో చేపలు కుప్పిగంతులేస్తూ వేళ్లెక్కి కూర్చున్నాయి. ఒక చెయ్యి చిన్నదీ ఒక చెయ్యి పెద్దదీ ఉన్న పీతలు ఆ పెద్ద చెయ్యి ఊపుతూ ఎవరినో పిలుస్తున్నాయి. చుట్టూ ఉప్పునీళ్లున్న లంకలో, ఇసుకలో చేత్తో గుంత తీసి, ఊరిన నీళ్లు దోసిట్లో పట్టి పెద్దమ్మ తాగమంటే భయంభయంగా నాలుకకు తాకించుకున్నాను. మా వాగులో చెలిమె నీళ్లంత తియ్యగా ఉన్నాయి.

మాటలు ఇంకొక వింత. మా మాట సినిమాల్లో ఎగతాళికి ఎలా వాడుకున్నారో మాకు తెలియనిది కాదు కనుక, మొదట నేను నోరు కాస్త కట్టుకుని, పుస్తకంలో మాటలు ఏరుకుని మాట్లాడాను. పెద్దమ్మకు అది పొసగలేదు. "మీరు మీ ఊళ్లో ఇలాగే మాట్లాడతారేంటండీ? రేడియోలో చదివినట్టుంది" అంది. దాంతో సిగ్గు విడిచి ఉల్లిగడ్డ అన్నాను, ఆలుగడ్డ అన్నాను, నేను పుంటికూర అన్నది ఆమె గోంగూర అని తేలాక ఇద్దరం పొయ్యి ముందు నవ్వుకున్నాం. కూర మాడుతుందేమోనని ఆమె కంగారుపడితే "పరేషాన్ గాకు పెద్దమ్మా" అన్నాను. పరేషాన్ అంటే ఏ కూరమ్మా అనడిగింది. అర్థం చెప్పాను. ఆ మాట ఆమెకు ఎంతో నచ్చి, ఆ సాయంత్రమంతా పెదనాన్నను "పరేషాన్ అవుతున్నారేంటండీ" అని ఆటపట్టించింది. ఆయన చుక్కాని పట్టుకుని "ఆయ్" అని ఊరుకున్నాడు.

అయితే ఈ వింతలన్నిటి మధ్యా నేను ఎక్కువగా చూసింది మా ఆయననే. ఆయన గూడు కిందికి రాడు. నడినెత్తిన ఎండ మాడ్చేస్తుంటే, పెద్దమ్మ పిలుస్తుంటే, నేను చెయ్యి పట్టి లాగితే కూడా రాడు. తడిపిన తువ్వాల నెత్తిన వేసుకుని పడవ ముందుభాగంలో కూర్చుంటాడు. అన్నం కూడా అక్కడికే తెప్పించుకుంటాడు. నిద్ర ఆ బల్లల మీదే. ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడని మనిషి పెదనాన్నను ప్రశ్నలతో విసిగిస్తాడు, ఈ గాలి పేరేమిటి, ఈ పక్షి ఎక్కడ గుడ్లు పెడుతుంది, ఇక్కడ లోతెంత, సముద్రం అవతల ఏముంది అని. ఒకసారి గోదారి నీళ్లు అరచేతిలోకి తీసుకుని, ఇవే నీళ్లు కాళేశ్వరం దగ్గర మా బావికి కాస్త దూరంలోనే పారుతాయని చెప్పి, ఎందుకో వెంటనే ఆ నీళ్లు వదిలేశాడు. ఆయనకు చిన్నప్పుడు గాలిపటాలు చేయడం వచ్చునని, పాములంటే భయం లేదు గానీ బల్లులంటే భయమని నాకు ఆ పడవ మీదే తెలిసింది. నేను కూడా నా సంగతులు చెప్పాను. పెళ్లయిన ఇన్నేళ్లకు పెళ్లిచూపులు జరుగుతున్నట్టనిపించింది. గూడు కిందికి ఎందుకు రావంటే మాత్రం మాట దాటేసేవాడు.

నది సముద్రంలో కలిసే చోటికి చేరిన రోజు, పాటు బాగా తీసింది. పడవ ఒక మడ లంక అంచున బురదలో కూర్చుండిపోయింది. మళ్లీ పోటొచ్చి లేపేదాకా కదలదని పెదనాన్న చెప్పి, వలకు చిల్లులు పడితే అల్లుకుంటూ కూర్చున్నాడు. మా ముందు, అంతకుముందు నీళ్లున్న చోట, మైలు పొడవున తడి ఇసుక తేలింది. దాని మధ్య చీలమండ తడిసేంత నీళ్లతో చిన్న పాయ ఒకటి, దానికవతల ఇంకా ఇసుక, ఆ చివర తీగలల్లుకున్న చిన్న ఎత్తుదిబ్బ, ఆ వెనుక సముద్రం. మా ఆయన దిగి నడవసాగాడు. దూరం పోకండి బాబూ, నీళ్లు తిరుగుతాయి అని పెదనాన్న హెచ్చరించాడు. ఆయన చెయ్యి ఊపాడు గానీ ఆగలేదు. గవ్వలేరుకుంటున్న నేను తలెత్తినప్పుడల్లా ఆయన ఇంకా చిన్నగా కనిపించాడు. అంత ఖాళీలో అంత హాయిగా, చేతులు బార్లా చాపి నడిచే మా ఆయనను నేను అంతకు ముందు చూడలేదు.

పోటు ఎదురుగా, అలలాగా వస్తుందనుకున్నాను. అలా రాలేదు. మొదట ఆ పాయలోకి, ఆయన వెనుకనుంచి, చప్పుడు లేకుండా వచ్చింది. పెదనాన్న వల పడేసి లేచేసరికి చీలమండ లోతు పాయ మోకాలు దాటింది, చూస్తుండగానే అడ్డంగా వడి కట్టింది. అప్పటికి ఆయనా గమనించి వెనక్కి పరుగెత్తుకొస్తున్నాడు. పెదనాన్న ఒక్కసారిగా, దిగొద్దు దిగొద్దు, ఆ పాయ లాగేస్తుంది, దిబ్బ మీదికి వెళ్లమనండి అని అరవసాగాడు. గాలి సముద్రం మీదినుంచి మా వైపు కొడుతోంది, ఆయన సాగదీసిన మాటలు గాలికి తునిగిపోతున్నాయి. మా ఆయన పాయలో కాలు పెట్టనే పెట్టాడు. ఈత రాదు. నాకూ రాదు. నేను మోకాలి లోతుకు దిగిపోయి, ఊరూరా తిరిగి సూదులకు పిల్లల్ని పిలిచిన గొంతుతో కేకేశాను.

"ఆగు! దిగకు! ఎనుకకు పో! గటు పో, దిబ్బెక్కు!"

విన్నాడు. తొడల లోతులో నిలబడి నా వైపు చూశాడు. తన మనిషి తనను రావద్దంటున్నదేమిటని ఒక క్షణం ఆయనకు అర్థం కాలేదనుకుంటాను. నేను రెండు చేతులతో పొమ్మని తోస్తూ, ఏడుస్తూ, పో, పో అని అరుస్తూనే ఉన్నాను. ఆయన తిరిగాడు. నా నుంచి దూరంగా, సముద్రం వైపు, ఆ దిబ్బ కోసం పరుగెత్తాడు.

ఆ తర్వాత చేయడానికి ఏమీ లేకపోయింది. పడవ బురదలో ఉంది, ముగ్గురం కలిసి భుజాలు పెట్టి తోసినా కదలలేదు. ఆయనను ముంచడానికి వస్తున్న నీళ్లే పడవను కూడా లేపాలి. ఏది ముందు జరుగుతుందో చూస్తూ నిలబడడమే. దిబ్బ చుట్టూ ఇసుక తరిగిపోతోంది. కూర్చున్న మనిషి లేచి నిలబడ్డాడు, నిలబడ్డ మనిషి తీగల నడుమకు జరిగాడు. పెద్దమ్మ నన్ను నడుం చుట్టూ పట్టుకుని వదల్లేదు. "పరేషాన్ అవ్వకమ్మా" అంది. నవ్వులకు నేర్చుకున్న మాట ఆమె నోట నన్ను ఎంత గట్టిగా పట్టుకుందో ఇప్పటికీ చెప్పలేను. "పరేషాన్ అవ్వకు. గోదారమ్మ మన పడవనే ముందు లేపుతుంది, చూడు."

పడవ అడుగున ఏదో కిర్రుమంది. ఒక పక్కకు ఒరిగి, బురద వదిలి, ఊగింది. పెదనాన్న గెడ దిగేసి, ఆ వయసులో ఎక్కడ దాచుకున్నాడో ఆ బలమంతా తీసి తోశాడు. మేము చేరేసరికి నీళ్లు దిబ్బ నెత్తిన ఆయన పాదాలు తడుపుతున్నాయి. పెదనాన్న జబ్బ పట్టి పైకి లాగి, తిట్టలేదు, ఒక్కటే అన్నాడు, "ఆయ్, అమ్మ చూసి వదిలేసిందండి."

పడవ తిరిగి మడ లంక చాటుకు చేరాక, ఇంకా పొద్దు ఉండగానే, మా ఆయన తనంతట తాను నా పక్కకొచ్చి కూర్చున్నాడు. ఆయనే మొదలుపెట్టాడు.

"బాయిల కప్పు కూలింది. నా పక్కపొంటి పనిచేస్తున్నాయన మీద పడ్డది. నాకు దుమ్ము తప్ప ఏం తగల్లే. గా దినం సంది బాయి మూతికాడికి పోతున్న, కాళ్లు దిగుతలేవు. నీకెట్ల చెప్పాల్నో తెలువలే."

ఎంత కాలమైందని అడిగితే, నెల దాటిందన్నాడు. అంటే నా ముందు తలంటుకుని, అన్నం తిని, నిద్రపోయిన ఆ సెలవు రోజుల్లో కూడా ఆ బరువు ఆయన మీదే ఉందన్నమాట.

"మీదికి చూస్తే ఏం ఉండని జాగ ఒక్కటన్న చూడాలనిపించింది," అన్నాడు. "బాయిల గా దినం నాకేం అనిపించలే, మొద్దు లెక్క నిలవడ్డ. దిబ్బ మీద మాత్రం బతకాలని బాగ అనిపించింది. నీ కేక ఇనవడ్డది" అన్నాడు.

పడవ పైన ఆకాశమంతా ఎర్రబడుతోంది. ఆయన ఇన్నాళ్లూ గూడు కిందికి ఎందుకు రాలేదో నాకు అప్పుడు తెలిసింది.

"ఇగ బాయి దిగకు," అన్నాను. "మీద పనేదన్న ఇయ్యమని అడుగు. తక్కువనే రానీ. నా నౌకరున్నది గదా."

ఆ మాటతో నా రాజీనామా గోదారిలో కలిసిపోయింది. ఆ రాత్రి భోజనానికి ఆయన గూడు అంచుదాకా వచ్చి, ఒక భుజం లోపల, ఒక భుజం బయట పెట్టి కూర్చున్నాడు. పెద్దమ్మ చూసి ఇంకొక చేపముక్క వేసింది.

తిరిగి వచ్చాక ఆయన పైపని కోసం తిరిగాడు. ఆలస్యంగానైనా లాంపు గదిలో పని దొరికింది, కింద దిగేవాళ్లకు టోపీ దీపాలు అందించడం, పైకొచ్చాక తీసుకోవడం. జీతం తగ్గింది. ఆడిదాని నౌకరి మీద బతుకుతున్నడట అన్నవాళ్లు అన్నారు. అత్తమ్మ కొన్నాళ్లు మాతో మాట్లాడలేదు. సంగతేమిటో తెలిశాక ఒక రోజు కొడుకు తల నిమిరి, నా చేతిలో నెయ్యి గిన్నె పెట్టి వెళ్లిపోయింది, నౌకరి ఊసు మళ్లీ ఎత్తలేదు. ఆయన మాత్రం దీపం ఇచ్చిన ప్రతి మనిషి ముఖమూ చూసి ఇచ్చేవాడట, అదే దీపం మళ్లీ చేతికొచ్చేదాకా తిన్నది అరిగేది కాదట. మరి కొన్నేళ్లకు నాకు భూపాలపల్లి దగ్గరి పల్లెకు బదిలీ దొరికి, ఒకే ఇంట్లో పొద్దునే లేచి ఒకరి ముఖం ఒకరం చూసుకునే భాగ్యం కలిగింది.

పని విరమణ తర్వాత మానుకోటలో స్థిరపడ్డాక, ఒక చలికాలంలో మళ్లీ అటు వెళ్లాం. పెదనాన్న, పెద్దమ్మ ఒకరి వెనుక ఒకరు పోయి చాలా కాలమైందని, పడవను విప్పేసి చెక్కలు ఎవరో తీసుకెళ్లారని రేవులో చెప్పారు. ఇప్పుడు సరుకంతా లారీల మీదే పోతుందట. రేవులో ఉన్న రెండు పడవల్లో ఒకదానికి రంగు బల్బులు కట్టి, పాటలు పెట్టి, పుట్టినరోజు చేస్తున్నారు. ఆ దిబ్బ ఎక్కడని ఒక జాలరిని అడిగాను. ఏ దిబ్బండీ అన్నాడు. చేతులతో చూపించి చెప్తే, అదా, అది ఎప్పుడో సముద్రం కోసేసుకుందండి, ఇప్పుడక్కడ వల వేస్తే రెండు నిలువుల లోతుంటుంది అన్నాడు. మా ఆయన ప్రాణం నిలబెట్టుకున్న ఆ కాస్త జాగా ఈ భూమ్మీద ఇక లేనే లేదు. ఆయన ఆ నీళ్లవైపు తిరిగాడు.

"పోతే పోయింది తియ్యి," అన్నాడు. "మనం నిలవడ్డప్పుడైతె ఉన్నది గదా."

తిరుగు ప్రయాణం బస్సులో, కొత్త వంతెన మీదుగా. డ్రైవరు పాట పెట్టాడు, ముందు సీటు పిల్లవాడు అద్దం మూసేశాడు, ఎవరో వేరుసెనగలు కొనుక్కుంటున్నారు. నేను కిటికీకి ముఖం ఆనించి కిందికి చూసేసరికే అవతలి ఒడ్డు కొబ్బరిచెట్లు వచ్చేశాయి. ఆ రోజుల్లో అంత సేపటికి పెద్దమ్మ పొయ్యి కూడా రాజుకునేది కాదు. నీళ్లు అప్పుడు ఎటు పారుతున్నాయో, సముద్రంలోకో, సముద్రంలోంచి వెనక్కో, చూసి తెలుసుకునేంత వ్యవధి కూడా ఆ బస్సు మాకు ఇవ్వలేదు.